పద్నాలుగో ఇమాయెమోన్: మంచు పూసిన పింగాణీ



1693లో జపాన్‌లో, క్యుషు దీవిలోని సాగా సంస్థానంలో ఒక ఉత్తర్వు వెలువడింది. పంపింది సంస్థానాధీశుడు నబెషిమా మిత్సుషిగె. అందుకున్నది ఆయన పింగాణీ బట్టీల బాగోగులు చూసే అధికారి. కాగితం నిండా చీవాట్లే. ఏటా అవే నమూనాలు వస్తున్నాయి, కొత్తదనం కనిపించడం లేదు. సరుకు వేళకు అందడం లేదు. చేతకాని వాళ్లను మాన్పించండి, బయటి బట్టీల్లో మంచి పనివాడు ఉంటే పిలిపించండి, వాళ్ల దగ్గర కొత్త నమూనాలేమన్నా ఉంటే చూసి రండి. పాడైన ముక్కను గడప దాటనివ్వకుండా అక్కడికక్కడే పగలగొట్టించండి. ఇదీ దాని సారాంశం.

సంప్రదాయం అనగానే తాతలు చేసింది చేసినట్టే చెయ్యడం అని మనలో చాలామంది అనుకుంటాం. ఈ సంప్రదాయానికి పోషకుడైన ప్రభువే పాత నమూనా మళ్లీ మళ్లీ వస్తోందని విసుక్కున్నాడు. ఆ విసుగు ఇంకా తన నెత్తినే ఉందన్నట్టు పనిచేస్తున్న ఒక కళాకారుడి గురించి ఈ పూట చెప్పుకుందాం. ఆయన పేరు ఇమాయిజుమి ఇమాయెమోన్. ఆ పేరు పెట్టుకున్నవాళ్లలో పద్నాలుగోవారు. 1962లో పుట్టారు. ఇప్పటికీ రోజూ బట్టీ దగ్గరికి వెళ్లి పనిచేసుకునే మనిషి.

ఆయన ఊరు అరిత. సాగా జిల్లాలో కొండల నడుమ ఇరుకైన లోయ, అందులో పొడుగ్గా సాగిపోయే ఒక వీధి, ఇరవై వేల లోపు జనం. అంత చిన్న ఊరి పేరు ప్రపంచమంతా తెలియడానికి మొదటి కారణం ఒక యుద్ధం. 1590లలో జపాన్‌ను ఏలుతున్న హిదెయోషి కొరియా మీదికి సేనల్ని పంపాడు. తిరిగి వస్తూ ఆ సేనలు అక్కడి కుమ్మరుల్ని వెంట తెచ్చాయి. జపాన్‌లో అప్పటికి పింగాణీ చెయ్యడం తెలియదు. వచ్చినవాళ్లలో యి సామ్‌ప్యోంగ్ అనే ఆయన అరిత పక్కనున్న ఇజుమియామా కొండలో పింగాణీకి పనికొచ్చే తెల్లరాయిని కనిపెట్టాడని, అది 1616లో జరిగిందని ఊరి వాళ్లు చెప్పుకుంటారు. 2016లో నాలుగు వందల ఏళ్ల వేడుక చేసుకున్నారు. ఆ కొండను తవ్వి తవ్వి ఇవాళ అక్కడ పెద్ద గొయ్యి మిగిలింది. కొండ మొత్తం పళ్లేలు, గిన్నెలుగా మారి దేశదేశాలకు వెళ్లిపోయింది.

1640లలో అరిత వాళ్లు రంగులు నేర్చారు. అంతవరకూ పింగాణీ మీద నీలం ఒక్కటే ఉండేది. గాజు పూత కాలిన తర్వాత దాని మీద ఎరుపు, ఆకుపచ్చ, పసుపు పెట్టి, తక్కువ వేడిలో మరోసారి కాల్చే విద్య చైనా నుంచి నాగసాకి మీదుగా వచ్చింది. సరిగ్గా అదే సమయంలో, 1644లో, చైనాలో మింగ్ వంశం కూలిపోయింది. అక్కడి బట్టీలు కుదేలయ్యాయి. యూరప్‌కు పింగాణీ మోసుకెళ్లే డచ్ కంపెనీ వాళ్లు సరుకు కోసం అరిత తలుపు తట్టారు. 1659లో ఒక్క దఫాలోనే యాభై వేలకు పైగా వస్తువులు కావాలని అడిగారు. ఇమారి రేవు నుంచి ఓడ ఎక్కేది కాబట్టి యూరప్ వాళ్లు ఆ సరుకును ఇమారి అన్నారు. ఈ కథ చాలామంది రాశారు, ఇక్కడ ఆపుదాం. మనకు కావలసింది అమ్మకానికి పెట్టని పింగాణీ.

సాగా ప్రభువులకు ఒక చిక్కొచ్చింది. ఏటా ఎదో నగరంలోని షోగన్‌కు, అంటే దేశాన్ని ఏలే సేనాధిపతికి, కానుకలు పంపాలి. అంతకుముందు చైనా పింగాణీ పంపేవారు. అది రావడం ఆగిపోయింది. దాంతో తామే అంతకు తగ్గ సరుకు చేయించాలని సొంత బట్టీలు పెట్టారు. వాటిని ఇమారి దగ్గర ఒకావాచియామా అనే కొండల మూలకు చేర్చారు. మూడు వైపులా నిట్టనిలువు కొండలు, నాలుగో వైపు కాపలా. లోపలి రహస్యం బయటికి పోకూడదు. అక్కడ బతికి అక్కడే పోయిన పనివాళ్ల సమాధి రాళ్లు, దిక్కూ మొక్కూ లేకుండా పడి ఉన్నవి, తర్వాతి కాలంలో ఏరి ఒకచోట గుట్టగా పేర్చారు. మొత్తం 880. వాటిలో ఏ ఒక్క రాయి తాలూకు మనిషి చేసిన పళ్లెం ఏదో ఎవరూ చెప్పలేరు. పళ్లేల మీద సంతకం వేసే ఆచారమే లేదు.

అక్కడ తయారైన సరుకుకు నబెషిమా అని పేరు. దానికి కట్టుబాట్లు గట్టివి. పళ్లేలు ఇంచుమించు తొమ్మిది, పదిహేను, ఇరవై ఒకటి, ముప్పై సెంటీమీటర్ల కొలతల్లోనే ఉండాలి. అడుగు వలయం ఎత్తుగా ఉండి, చుట్టూ దువ్వెన పళ్ల లాంటి నీలి గీతలు ఉండాలి. గీతలకు నీలం. పైన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, అంతే. బంగారం ఎప్పుడో తప్ప వాడరు. ఇన్ని కట్టుబాట్ల మధ్య, ఏటా కొత్త నమూనా కావాలి! మిత్సుషిగె ప్రభువు పనివాళ్ల నుంచి కోరింది ఇది. అన్యాయమనిపిస్తుంది. కానీ పదిహేడో శతాబ్దం చివర్లో వచ్చిన నబెషిమా పళ్లేలు చూస్తే, ఆ ఒత్తిడిలోంచే మంచి పని వచ్చిందని ఒప్పుకోక తప్పదు.

పైరంగులు వేసే పని అరితలోనే జరిగేది. సంస్థానం వారు రంగుల పనివాళ్లందరినీ ఒక వీధిలో చేర్చి, దానికి అకాయె-మచి, అంటే ఎర్రరంగు పేట, అని పేరు పెట్టారు. ఆ ఇళ్లలో ఇమాయిజుమి వారిది ఒకటి. ఆస్థాన రంగుల పని వారికి దక్కింది. ప్రభువు గారి సరుకు కాల్చే రోజు బట్టీ చుట్టూ సంస్థానం ముద్ర ఉన్న తెరలు కట్టేవారని, అదే ముద్ర ఉన్న లాంతర్లు వెలిగించేవారని ఆ ఇంటి పెద్దలు చెప్పుకుంటారు. రంగుల పాళ్లు తండ్రి కొడుకుకు మాత్రమే చెప్పేవాడు. ఇంట్లో మిగతావాళ్లకు కూడా తెలియదు.

1871లో సంస్థానాలు రద్దయ్యాయి. ఒక్క పూటలో పోషకుడు పోయాడు, జీతం పోయింది. పదో ఇమాయెమోన్ అప్పటికి ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు. రంగులు వేయడం తప్ప మట్టి పని ఆ ఇంట్లో తెలియదు. ఆయన 1873లో సొంత బట్టీ కట్టి, మట్టి పిసకడం నుంచి చివరి రంగు దాకా తన చేతి కిందికే తెచ్చుకున్నారు. అప్పులు, సరుకు కొనేవాడు లేకపోవడం, యుద్ధాలు, ఇవన్నీ ఆ తర్వాతి రెండు మూడు తరాలు పడ్డ పాట్లు. పన్నెండోవారి కాలంలో, 1971లో, జపాన్ ప్రభుత్వం ఈ రంగుల నబెషిమా పనిని ముఖ్యమైన అమూర్త సాంస్కృతిక సంపదగా గుర్తించింది. ఆ గుర్తింపు ఒక్క మనిషికి ఇవ్వలేదు, కలిసి పనిచేసే బృందానికి ఇచ్చారు. ఆ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

పదమూడోవారు మన కథానాయకుడి తండ్రి. తాతల నమూనాలు తిరగరాస్తే చాలదని ఆయన పట్టుబట్టారు. నీలం రంగును కుంచెతో పూయకుండా ఊది చల్లే పద్ధతిని, ఆ తర్వాత లేత బూడిదరంగు నేలను తెచ్చి, వాటి మీద పువ్వులు, కొమ్మలు వేశారు. చూసినవాళ్లు ఇది నబెషిమాయేనా అని గొణిగారు. 1989లో ప్రభుత్వం ఆయనకు ‘సజీవ జాతీయ నిధి’ గౌరవం ఇచ్చింది. 2001లో చనిపోయారు.

అలాంటి తండ్రికి రెండో కొడుకు మసాతో. పద్నాలుగోవారి అసలు పేరు అది. టోక్యోలో ముసాషినో కళా విశ్వవిద్యాలయంలో చదివారు. ఏం చదివారు? పింగాణీ కాదు, లోహపు పని. 1985లో పట్టా పుచ్చుకున్నారు. తర్వాత క్యోటో వెళ్లి సుజుకి ఒసాము దగ్గర శిష్యరికం చేశారు. ఈ సుజుకి ఎవరంటే, 1948లో సోదేషా అనే బృందాన్ని పెట్టిన వాళ్లలో ఒకరు. గిన్నె, కుండ, వాడకం అనే మాటలన్నీ పక్కన పెట్టి మట్టితో శిల్పాలు చెయ్యాలని బయల్దేరిన గుంపు అది. మూడు వందల ఏళ్ల పైచిలుకు చరిత్ర ఉన్న పింగాణీ ఇంటి పిల్లవాడు, ఆ చరిత్రనంతా కాదన్న గురువు దగ్గర కూర్చున్నాడు. 1990లో అరితకు తిరిగొచ్చి తండ్రి దగ్గర పని మొదలుపెట్టారు. తండ్రి పోయాక 2002లో పేరు అందుకున్నారు. అప్పటికి నలభై నిండలేదు.

పేరు అందుకోవడం అంటే సామాన్యం కాదు. దుకాణం బోర్డు మీద ఉన్న పేరు ఇప్పుడు నీ పేరు. ముందున్న పదముగ్గురి పనితో నీ పనిని జనం పోల్చి చూస్తారు. అచ్చం వాళ్లలాగే చేస్తే నకలు అంటారు, చెయ్యకపోతే వంశం చెడగొట్టాడంటారు. పద్నాలుగోవారు ఈ రెండింటికీ చిక్కకుండా ఒక దారి తీశారు. కొత్త పద్ధతి కోసం బయట వెతకలేదు. పాత నబెషిమా పళ్లేల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక చిన్న పనిని బయటికి లాగారు. దాని పేరు సుమిహాజికి.

రేడియోలో రంగు చూపించలేం కాబట్టి ఈ పని ఎలా జరుగుతుందో కాస్త నెమ్మదిగా చెప్తాను.

సారె మీద తిప్పిన గిన్నెను ఆరబెట్టి, ఇంచుమించు 900 డిగ్రీల వేడిలో ఒకసారి కాలుస్తారు. అప్పుడది సుద్దముక్కలా ఉంటుంది. నాలుక పెడితే అంటుకుంటుంది, నీటిచుక్క పడితే పీల్చేస్తుంది. దాని మీద సన్నని కుంచెతో సిరా గీతలు గీస్తారు. జపాన్ సిరా అంటే దీపపు మసి, అందులో జంతువుల తోలు, ఎముకల నుంచి తీసిన జిగురు. సిరా ఆరాక, దాని మీదుగా కోబాల్ట్ నీలాన్ని నీళ్లలో కలిపి పెద్ద కుంచెతో పారిస్తారు. సిరాలో జిగురు ఉంది కదా, అది నీలిరంగు నీళ్లను దగ్గరికి రానివ్వదు. గీత మీద పడ్డ నీలం అటూ ఇటూ జారిపోతుంది. తర్వాత గిన్నెను మళ్లీ కాలుస్తారు. సిరా మండిపోతుంది. అది ఉన్న చోట తెల్లటి గీత మిగులుతుంది. ఆ పైన గాజు పూత వేసి 1300 డిగ్రీల దగ్గర అసలు కాల్పు కాలుస్తారు. నల్లగా గీసింది తెల్లగా వస్తుందన్నమాట.

ఈ ఉపాయం మన వాళ్లకు కొత్త కాదు. కోరమాండల్ తీరంలో కలంకారీ పనివాళ్లు నీలిమందు తొట్టిలో గుడ్డ ముంచే ముందు, తెల్లగా ఉండాల్సిన చోట మైనం పట్టించేవారు. అక్కడ మైనం చేసిన పని ఇక్కడ సిరా చేస్తుంది. తేడా ఏమిటంటే గుడ్డ మీద మైనం గీత కాస్త లావుగా వస్తుంది. పింగాణీ మీద సిరా గీత వెంట్రుక మందాన వస్తుంది.

పాత నబెషిమా పళ్లేల్లో ఈ పద్ధతి ఎక్కడ కనిపిస్తుంది? వెనక నేలలో. నీలం మీద తెల్లటి అలల వరసలు, వల అల్లిక లాంటి గీతలు. వాటి ముందు ఎర్రని పువ్వో, పసుపు పండో నిలబడుతుంది. చూసేవాడి కన్ను పువ్వు మీద పడుతుంది. ఆ పువ్వు అంత ఎత్తుగా కనిపించడానికి వెనక ఎవరో వందల గీతలు గీశారని తట్టదు. పద్నాలుగోవారు తన ముఖాముఖిల్లో ఈ సంగతే చెప్తుంటారు: ముందున్న బొమ్మ కోసం వెనకుండి చేసే చాకిరీ ఇది, దాంట్లోనే నబెషిమా మర్యాద ఉందని.

ఆ వెనక ఉన్నదాన్నే ఆయన ముందుకు తెచ్చి కూర్చోబెట్టారు. గిన్నె నిండా నీలం, దాని మీద తెల్లటి మంచు రేకులు. ఒక్కో రేకుకూ ఆరు కోణాలు, ఒక్కో కోణం మీద మళ్లీ సన్నటి కొమ్మలు. కొన్నిచోట్ల దట్టంగా, కొన్నిచోట్ల అక్కడొకటి ఇక్కడొకటి. పెద్ద గుండ్రటి జాడీల మీద ఈ మంచు పైనుంచి కిందికి పలచబడుతూ వస్తుంది. ఆయన అక్కడితో ఆగలేదు. ఒకసారి సిరా గీసి నీలం పారించి, దాని మీద మళ్లీ సిరా గీసి మరింత ముదురు నీలం పారించి, ఇలా పొరలు పొరలుగా చేశారు. దాంతో కొన్ని రేకులు తెల్లగా దగ్గరగా, కొన్ని లేత నీలంగా దూరంగా కనిపిస్తాయి. సుద్దలా ఉన్న గిన్నె మీద పొర మీద పొర వెయ్యడం తేలిక కాదు. చెయ్యి ఒక్క క్షణం ఎక్కువ నిలిచినా నీలం మచ్చ కడుతుంది. పింగాణీ మీద పీల్చుకున్న నీలాన్ని చెరిపే దారి లేదు.

మంచు రేకు బొమ్మలకు జపాన్‌లో ఒక ముచ్చటైన చరిత్ర ఉంది. కోగా అనే సంస్థానాన్ని ఏలిన దోయి తొషిత్సురా అనే ప్రభువు డచ్ వాళ్లు తెచ్చిన సూక్ష్మదర్శిని కింద మంచు రేకుల్ని పెట్టి ఏళ్ల తరబడి చూశాడు. 86 రేకుల బొమ్మలతో 1832లో ఒక పుస్తకం వేశాడు. ఆ బొమ్మలు జనానికి తెగ నచ్చాయి. కిమోనోల మీదికి, రోజువారీ వస్తువుల మీదికి ఎక్కాయి. మరో నూరేళ్లకు, 1936లో, నకయా ఉకిచిరో అనే భౌతిక శాస్త్రవేత్త హొక్కాయిడోలోని ప్రయోగశాలలో మంచు రేకును కృత్రిమంగా తయారుచేసి చూపించాడు. కాబట్టి ఇమాయెమోన్ గిన్నె మీది మంచును చూసిన జపాన్ మనిషికి అది కొత్త బొమ్మ కాదు. కొత్తదనం అది వచ్చిన దారిలో ఉంది. రంగు పూసి వేసిన మంచు కాదది. రంగు పడని చోట మిగిలిన మంచు.

ఆ తర్వాత ఆయన ఇంకో మెట్టు ఎక్కారు. నీలం కూడా తీసేశారు. సిరా గీతల పక్కన నీలానికి బదులు తెల్లమట్టి పూత వేశారు. తెల్లటి పింగాణీ మీద అంతకన్నా తెల్లటి బొమ్మ. ఎదురుగా వెలుతురు పడితే కనిపించదు. గిన్నెను కాస్త పక్కకు వంచితే రేకులు మెల్లగా తేలతాయి. నా లెక్కలో ఆయన పనుల్లో ఇదే ఎత్తైనది. ఫొటోకు లొంగదు, పత్రికల్లో అచ్చు వేస్తే ఖాళీ గిన్నెలా కనిపిస్తుంది. చేతిలోకి తీసుకున్నవాడికే దాని గుట్టు.

ప్లాటినం వాడిన గిన్నెల గురించి అంత గట్టిగా చెప్పలేను. వెండి పూస్తే కొన్నేళ్లకు నల్లబడుతుంది. ప్లాటినం నల్లబడదు. అందుకని ఆయన ఎరుపు, ఆకుపచ్చల పక్కన ప్లాటినం మెరుపు కూడా చేర్చారు. లోహపు పని చదివిన చేయి అక్కడ కనిపిస్తుంది. కొన్ని జాడీల మీద అది మంచు మీద పడిన వెన్నెలలా ఒదిగింది. కొన్నిటి మీద మాత్రం మంచుకన్నా మెరుపే ముందు పలకరిస్తుంది. వెనక ఉండటంలోనే గొప్ప ఉందని చెప్పిన మనిషి, అక్కడ కొంచెం గొంతు పెంచారనిపిస్తుంది. అయినా మిత్సుషిగె ప్రభువు ఉంటే ఆయన మెచ్చుకునేది బహుశా ఈ ప్లాటినం పనినే. ఏటా కొత్తది కావాలన్నది ఆయనే కదా.

ఇప్పుడు ఆ బృందం సంగతికి వద్దాం. అరితలో ఒక గిన్నె ఒకరి చేతిలో పూర్తవదు. సారె తిప్పేవారు వేరు, గీత గీసేవారు వేరు, గీతల మధ్య నీలం నింపేవారు వేరు, పైరంగులు వేసేవారు వేరు. నీలం నింపే పనిని దామి అంటారు. అరితలో తరతరాలుగా అది ఆడవాళ్ల చేతి పని. దామి కుంచె బొటనవేలికన్నా లావుగా ఉంటుంది. దాని నిండా నీలిరంగు నీళ్లు పట్టించి, వేళ్లతో కుంచె పొట్టను నొక్కుతూ, వదులుతూ, రంగును సన్నటి ధారగా గిన్నె మీద నడిపిస్తారు. కుంచె మొన గిన్నెను రాసుకోదు, ముందు నడిచేది నీటిబొట్టే. దాన్ని గీత అంచు దాకా తీసుకెళ్లి, మిగిలిన నీటిని కుంచెతోనే వెనక్కి పీల్చుకుంటారు. ఏకరంగుగా, చార పడకుండా రావాలి. ఇది చేతికి పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది.

ఒకే నమూనా పది పళ్లేల మీద ఒకేలా రావడానికి పాత నబెషిమా వాళ్లు వాడిన కిటుకు ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. సొరకాయ బుర్రను కాల్చి మసి చేస్తారు. ఆ మసితో పలచని కాగితం మీద బొమ్మ గీసి, పళ్లెం మీద బోర్లించి వేలితో రుద్దుతారు. బొమ్మ అచ్చుపడుతుంది. ఒక్కసారి గీసిన కాగితం చాలా పళ్లేలకు పనికొస్తుంది. బట్టీలో ఆ మసి ఆనవాలు లేకుండా కాలిపోతుంది. గీత గీసేవారికి దారి చూపి తాను మాయమవుతుంది.

ఇందరి చేతులుండగా పేరు ఒక్కరిదే ఎందుకు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ బట్టీ నుంచి వచ్చే సరుకు రెండు తరగతులు. భోజనాల బల్ల మీదికి, బహుమతులకు వెళ్లే పళ్లేలు, గిన్నెలు బట్టీ పేరుతో వస్తాయి. ప్రదర్శనలకు వెళ్లే పెద్ద పనులు ఇమాయెమోన్ పేరుతో వస్తాయి. నమూనా ఆయనది, తీర్పు ఆయనది, పగలగొట్టాలా ఉంచాలా అన్నది ఆయనది. 1971 నాటి ప్రభుత్వ గుర్తింపు బృందానికి దక్కడం నాకు అందుకే నచ్చింది. ఒకావాచియామా కొండల్లో ఆ 880 రాళ్ల కింద ఉన్నవాళ్లకు అది కూడా దక్కలేదు.

ఒక్కరికి ఇచ్చే గౌరవం కూడా పద్నాలుగోవారికి వచ్చింది. 2009లో ప్రభుత్వం ఇచ్చే ఊదారంగు పట్టీ పతకం. 2014లో, 51 ఏళ్ల వయసులో, తండ్రికిచ్చిన ‘సజీవ జాతీయ నిధి’ గౌరవం. మట్టి పనివాళ్లలో అంత చిన్న వయసులో అది అందుకున్నవారు అంతకుముందు లేరు. జపాన్‌లో 1955లో మొదలైన ఈ గౌరవానికి ఒక లెక్క ఉంది. ఏ సమయంలోనైనా 116 మందికి మించి ఉండరు. ఏడాదికి ఇరవై లక్షల యెన్లు ఇస్తారు. అది బహుమతి సొమ్ము కాదు. విద్యను ఇంకా పెంచుకోవాలి, తర్వాతివాళ్లకు నేర్పాలి అన్న షరతు మీద ఇచ్చే సొమ్ము. కొడుక్కి మాత్రమే చెప్పే రహస్యంగా బతికిన విద్యకు, నేర్పితేనే సొమ్ము అన్న షరతు! కాలం ఎటు తిరిగిందో చూడండి.

అరితలో ఈయన ఒక్కరే కాదు. కాకియెమోన్, ఇమాయెమోన్, గెన్‌యెమోన్ అని మూడు పేరున్న ఇళ్లున్నాయి. కాకియెమోన్ ఇంట్లో పదిహేనోవారు 2014లో పేరందుకున్నారు. వాళ్లది పాలమీగడ రంగు నేల, అందులో చాలా ఖాళీ, ఒక మూల ఎర్రని పువ్వు. జర్మనీలో మైసెన్ వాళ్లు పద్దెనిమిదో శతాబ్దంలో నకలు చేసింది ఆ ఇంటి పనినే. ఆ పాలరంగు నేల చేసే విద్య మధ్యలో పోయి, 1953లో తిరిగి చేతికి వచ్చింది. ఒక ఇంటిది ఖాళీలోని అందం, మరో ఇంటిది నిండుదనంలోని క్రమశిక్షణ. పద్నాలుగో ఇమాయెమోన్ తెల్లటి గిన్నెలు చూస్తుంటే పక్కింటి ఖాళీ ఈ ఇంట్లోకి కూడా అడుగుపెట్టిందేమో అనిపిస్తుంది. ఇది నా ఊహ, వాళ్లెవరూ చెప్పిన మాట కాదు.

అరితకూ మన తీరానికీ సంబంధం ఉందా అని ఎవరైనా అడిగితే, ఉంది. అరిత పింగాణీ కొన్న డచ్ కంపెనీయే పదిహేడో శతాబ్దం మొదట్లో మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టింది. కోరమాండల్ తీరపు అద్దకం గుడ్డలు ఆ ఓడల్లో జపాన్‌కు వెళ్లాయి. అక్కడ వాటిని సరసా అన్నారు. టీ వేడుకల్లో వాడే విలువైన గిన్నెలకు ఆ గుడ్డతో సంచులు కుట్టించుకునేవారు. సాగా సంస్థానంలోనే నబెషిమా సరసా అనే సొంత అద్దకం పుట్టింది. అది మధ్యలో ఆగిపోతే సుజుతా కుటుంబం తిరిగి నిలబెట్టింది. ఆ ఇంటి సుజుతా షిగెతోకు 2008లో ఇదే ‘సజీవ జాతీయ నిధి’ గౌరవం దక్కింది. ఒకే సంస్థానం పేరు మీద పింగాణీ ఒకటి, అద్దకం ఒకటి ఇవాళ్టికీ బతికున్నాయి. రెండో దాని వేళ్లు వెతుక్కుంటూ పోతే కోరమాండల్ రేవుల దాకా వస్తాయి.

పద్నాలుగోవారి కొత్త పనులు సాధారణంగా జపాన్ సంప్రదాయ హస్తకళల ప్రదర్శనలో కనిపిస్తాయి. 1954 నుంచి నడుస్తున్న ఆ ప్రదర్శన ఏటా శరత్కాలంలో టోక్యోలో మొదలై తర్వాత ఇతర ఊళ్లకు వెళుతుంది. జపాన్‌లో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. ఫుకువోకాలోని హకాతా స్టేషన్ నుంచి అరితకు రైల్లో గంటన్నర లోపే. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా ఊరంతా పింగాణీ సంత. బేరాలకు అప్పుడు వెళ్లండి. పని చూడాలంటే మాత్రం ఆ వారం తప్పించి వెళ్లడమే మంచిది. ఎర్రరంగు పేటలో ఆ ఇంటివారి పాత పింగాణీ మ్యూజియం ఉంది. రైలు స్టేషన్‌కు దగ్గర్లో క్యుషు సెరామిక్ మ్యూజియం ఉంది. రెండూ చూడదగ్గవి.

అంత దూరం వెళ్లలేనివాళ్లు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ వస్తువుల గది దగ్గర కాసేపు ఆగండి. ఇమారి రకం పింగాణీ అక్కడ ఉంది. జనం మామూలుగా ఆ మ్యూజియంలోని గడియారం మోగే వేళకు పరుగెత్తుతూ ఆ గదిని దాటేస్తారు. మీరు దాటెయ్యకండి. ఒక పళ్లెం ముందు నిలబడి, మధ్యలో ఉన్న పువ్వును చూశాక, దాని వెనక నేల మీద గీసిన గీతల్ని కూడా ఓపిగ్గా చూడండి. పిల్లలు వెంట ఉంటే వాళ్లకూ చూపించండి.